ఎడమొహం పెడమొహం చక్రాలు

ఊళ్లో సగం నడుములు ఆమె చేతిమీదుగా బాగుపడినవే. ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన వాళ్ల దగ్గరికి తానే వెళ్లి, కాళ్లూ చేతులూ ఆడించి, మళ్లీ నడక నేర్పే ఫిజియోథెరపిస్టు. ఇరవై రెండేళ్ల అనుభవం. "నడుం వంచకండి, మోకాళ్లు వంచండి" అని రోజుకు పాతికసార్లు చెప్పే ఆ మనిషి ఒక సోమవారం పొద్దున బూటు లేసు కట్టుకోవడానికి నడుం వంచింది. అది వంగినచోటే ఉండిపోయింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఆమె భర్త బ్రెడ్డు ఫ్యాక్టరీలో తెల్లవారుజాము షిఫ్టు చేసి ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలో నేలచూపులు చూస్తూ నిలబడి ఉంది.

"ఏం పోయింది, వెతుకుతున్నావ్?" అన్నాడాయన.

"నా బుద్ధి," అంది.

నడుం పది రోజుల్లో కుదుటపడింది కానీ మామూలు సైకిలు ఇక ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. బస్సులు నమ్ముకుంటే రోజుకు ముగ్గురు రోగుల్ని మించి చూడలేదు. అప్పుడు ఆదుకున్నవాడు బావ. మేనత్త కొడుకు, సైకిళ్ల షాపు యజమాని, తనకు తెలియనిది లేదనుకునే మనిషి. వాలుకుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కే మూడు చక్రాల బండ్లుంటాయి. ముందు రెండు, వెనక ఒకటి. అలాంటి బండికే చుట్టూ తేలికపాటి తొడుగు బిగిస్తే దాన్ని వెలోమొబైల్ అంటారు. వాన తగలదు, గాలి అడ్డురాదు, మనిషి తల ఒక్కటే పైకి కనిపిస్తుంది. ఊరు వదిలి వెళ్తున్న ఎవరో అమ్మేసిన అలాంటి బండిని బావ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సగం ఎరుపు, సగం పసుపు. మొదటి రోజే వీధిలో పిల్లలు దానికి క్యాప్సూల్ అని పేరు పెట్టారు. వారం తిరిగేసరికి ఆమె కూడా క్యాప్సూలమ్మ అయిపోయింది. ఆసుపత్రి వాళ్లు సైతం ఫోన్ చేసి, "క్యాప్సూలమ్మ గారూ, ఒక మోకాలుంది, చూస్తారా?" అని అడగడం మొదలుపెట్టారు.

బండి గాలిలో తేలినట్టు పోయేది. కష్టమంతా టైర్లతోనే వచ్చింది.

దానికి ముందునుంచీ ఉన్న టైర్లు ఉల్లిపొరల్లాంటివి. పరుగుకు తిరుగులేదు, కానీ రోడ్డుమీద గాజుపెంకు ఎక్కడున్నా వెతుక్కుని మరీ వెళ్లి గుచ్చుకునేవి. సైకిలుకు రెండు చక్రాలు ఒకే దారిన పోతాయి. దీనికి మూడు చక్రాలు, మూడు దారులు, అంటే ముల్లు తొక్కడానికి మూడు అవకాశాలు. మొదటి వారంలో నాలుగు పంక్చర్లు. తొమ్మిదింటికి రావలసిన మనిషి పదింటికి, నల్లటి చేతులతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది.

"నిన్ను చూస్తే నా నడుమే నయమనిపిస్తోందమ్మా," అని ఒక ముసలావిడ జాలిపడింది.

ఆమె బావ దగ్గరికి వెళ్లి టైరు విసిరికొట్టినంత పనిచేసింది. ఆయన నవ్వి, లోపల మందపాటి రబ్బరు పొర ఉన్న గట్టి టైర్లు మూడు తీసి ఎక్కించాడు.

"ఇవి వేసుకుని మేకుల మీద పడుకో మరదలా, ఏం కాదు."

నిజమే, ఏమీ కాలేదు. పంక్చర్లు మాయమయ్యాయి. కానీ బండి బరువు మీద పడింది. ఎత్తు ఎక్కాలంటే మంచాన్ని మోసుకుపోతున్నట్టుండేది. పైగా మోటు టైర్ల మోత ఆ డొల్ల తొడుగులో చేరి డప్పు వాయించినట్టు మోగేది. రోగులు ఆమె రెండు వీధుల అవతల ఉండగానే మంచాలెక్కి, అప్పటిదాకా వ్యాయామం చేస్తున్నట్టు కాళ్లు ఎత్తి పెట్టుకునేవారు.

అంతటితో అయిపోలేదు. ఆరు వారాలకే ముందు టైర్లు రెండూ అరిగి నున్నగా తేలాయి. కొత్తవి వేస్తే అవీ అంతే. మూడో జతకు బావ మొహం మాడింది.

"నువ్వు మలుపుల దగ్గర తొందరపడతావు. మామూలు సైకిలైతే పక్కకు ఒరుగుతుంది, ఇది ఒరగదు. ఆ భారమంతా టైర్ల చెంపల మీద పడుతుంది. చిన్నప్పుడూ అంతే నువ్వు, మలుపు తిరగడం ఎప్పుడు చేతనైంది?"

"చిన్నప్పుడు నన్ను గోడకి గుద్దింది నువ్వు."

"గోడ అక్కడ ఉండటం నా తప్పా?"

ఇలా వాదన ముప్ఫై ఐదేళ్లు వెనక్కి పోయిందే గాని టైర్ల సంగతి తేలలేదు.

ఆ రోజుల్లోనే ఆమెకు కొత్త రోగి తగిలాడు. డెబ్బై ఒకటేళ్ల పెద్దమనిషి. ట్రాము డిపోలో ముప్ఫై నాలుగేళ్లు చక్రాల విభాగంలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. స్నానాల గదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేశారు. పది వారాలైనా మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి తప్ప అడుగు వేయడంలేదు. ఇల్లు పై అంతస్తు, పదహారు మెట్లు. కోడలు ముందు గదిలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఏదో బీమా కంపెనీ తరఫున రోజంతా ఫోన్లు మాట్లాడుతుంది. అందుకే ఆ ఇంట్లో ఆమెతో సగం మాటలు చేతి సైగలే.

బాబాయి గారు అని పిలిచేది ఆమె ఆయన్ని. ఆయన వ్యాయామంలో అంకెలు మింగేసేవాడు.

"ఆరు, ఏడు, ఎనిమిది, ఇరవై. అయిపోయింది."

"తొమ్మిదో అంకె మీకు పడదా బాబాయి గారూ?"

"నా వయసుకు తొమ్మిదికీ ఇరవైకీ పెద్ద తేడా లేదమ్మాయి."

ఒక గురువారం ఆమె మళ్లీ ఆలస్యంగా వచ్చింది. చంకలో సంచి, సంచిలో అరిగిన టైరు. అటునుంచి అటే బావ మొహాన పెడదామని తెచ్చింది. ఆయన కళ్లు మోకాలి మీద కాక సంచి మీద పడ్డాయి.

"అదేంటి?"

"టైరు. మీకెందుకు, కాలెత్తండి."

"టైరిటియ్యి, కాలెత్తుతా."

ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకుని, కొలత చూసే దర్జీలాగా బొటనవేలితో టైరు మీద అడ్డంగా ఒకవైపుకి తడిమాడు. తర్వాత రెండోవైపుకి తడిమాడు. మళ్లీ ఆమె వేలు పట్టుకుని తడిమించాడు. ఇటు రాస్తే పట్టులా నున్నగా ఉంది. అటు రాస్తే రంపం పళ్లలా గరగరలాడింది.

"మలుపుల్లో అరిగితే ఇలా ఉండదు," అన్నాడు. "టైరుది తప్పు కాదు, నీదీ కాదు. నీ బండి ముందు చక్రాలు రెండూ ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. ఒకటి అటు పోతానంటోంది, ఇంకోటి ఇటు పోతానంటోంది, నువ్వేమో నడిమధ్య తిన్నగా లాక్కుపోతున్నావు. తిరగాల్సిన రబ్బరు రోడ్డుమీద ఈడ్చుకుపోతోంది. అరక్క చస్తుందా? నీకు ఆయాసం వచ్చేది కూడా టైరు బరువుకొక్కదానికే కాదు, వాటి కాపురానికి."

ఆమె టైరు వంక, ఆయన వంక చూసింది. ముప్ఫై ఐదేళ్ల నాటి గోడ సంగతి తప్ప ఇంకేమీ తోచని బావకు అంతుపట్టనిది ఈయన మంచంలో పడుకుని అరనిమిషంలో తేల్చాడు.

"రెండు చక్రాల మధ్య ఒక కడ్డీ ఉంటుంది, చూశావా? ఎవరైనా ముట్టుకున్నారా దాన్ని?"

సాయంత్రం ఇంటికెళ్లి భర్తను అడిగింది. ఆయన గర్వంగా ఒప్పుకున్నాడు.

"గలగలమంటోందన్నావుగా. నువ్వు లేనప్పుడు రెండు చుట్లు తిప్పి బిగించా. నీకు చెప్పలేదు, ఊరికే పొగుడుతావని."

"పొగుడుతున్నా," అంది ఆమె. ఆ తర్వాత అన్నవి రాయదగ్గవి కావు.

తర్వాతి సోమవారం ఆమె బాబాయి గారికి ఈ సంగతి చెప్పి, సరిచేయడానికి బావ దగ్గరికి తీసుకెళ్తానంది. ఆయనకు రోషం వచ్చింది.

"సైకిళ్లవాడా? మూడు జతల టైర్లు మార్చి చక్రాల వంక చూడని మనిషా? బండి పైకి తీసుకురా, నేను చేస్తా."

"ఎనిమిదడుగుల బండి. మీ మెట్ల మలుపులో ఇరుక్కుంటే మీరూ మీ కోడలూ కిటికీలోంచి దిగాలి."

"అయితే ఆ కిటికీ కిందే పెట్టు. చెబుతా, నువ్వు చెయ్యి."

కిటికీ మంచానికి ఆరడుగుల దూరం. పది వారాల్లో ఆయన ఆ ఆరడుగులూ వేయలేదు. ఆమె వాకర్ ఆయన ముందుకు జరిపి వీధిలోకి దిగింది. ఫోన్ల మధ్య విరామంలో కోడలు వచ్చి సాయం పట్టింది. ఇద్దరూ మోకాళ్లే వంచి, బండినెత్తి రెండు స్టూళ్ల మీద పెట్టారు. ఆమె చీపురు కర్ర పుచ్చుకుని తల ఎత్తేసరికి కిటికీలో ఆయన నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి చువ్వ మీద, ఒక చెయ్యి వాకర్ మీద, మొహం నిండా చెమట.

"చక్రాల ముందంచుల మధ్య కర్ర పెట్టి గీత గియ్యి. అదే ఎత్తులో వెనకంచుల మధ్య పెట్టి ఇంకో గీత గియ్యి. తేడా ఎంత?"

కొలిచింది. వెనకకన్నా ముందు ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ.

"కాపురం కాదది, కోర్టు కేసు. కడ్డీ నట్టు వదులు చేసి ఒక చుట్టు కుడికి తిప్పు."

లోపల మళ్లీ ఫోన్ మోగింది. కోడలు మెట్లెక్కి పరిగెత్తి, "క్షమించండి సార్, పక్కన రోడ్డు పని జరుగుతోంది," అంటూ వినయంగా బీమా గురించి చెప్పుకుపోయింది.

ఆమె కడ్డీ కుడికి తిప్పింది, నట్టు బిగించింది, బయల్దేరింది. నాలుగిళ్లు దాటకముందే ముందు చక్రాలు కుక్కపిల్లను తొక్కినట్టు కుయ్యోమన్నాయి. దారి పొడుగునా అదే ఏడుపు. ఇంటికెళ్లి కొలిస్తే ఆరు కాస్తా పన్నెండయింది. ఆయన చెప్పింది కిటికీలోంచి తనకు కనిపించిన కుడి. బండి కింద దూరి ఎదురుగా చూస్తున్న ఆమెకు అది ఎడమ.

ఆ తర్వాత ఆమె వెళ్లేసరికి ఆయన అప్పటికే మంచం దిగి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా మార్చుకున్నాడు, బూట్లు కూడా వేయించుకున్నాడు.

"మీరు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ మామయ్య నిద్రపోలేదక్కా," అంది కోడలు గొంతు తగ్గించి. "ముప్ఫై నాలుగేళ్లలో ఒక్క చక్రం వంకరగా పంపలేదట."

"మెట్లు దిగుతా," అన్నాడాయన.

"ఇవాళ కాదు. ముందు హాల్లో పది సార్లు అటూ ఇటూ. అంకెలు మింగకుండా."

ఆ రోజు తొమ్మిది వచ్చింది, పది వచ్చింది, పదకొండు కూడా వచ్చింది. ఆ పైన రెండు వారాలు ఆమె చెప్పినవన్నీ చేశాడు, చెప్పనివి చేయబోతే తిట్లు కూడా తిన్నాడు. ఈలోగా బండి మూలన పడింది. ఆమె బస్సుల్లో తిరిగింది. బావ చేత సరిచేయించుకోవచ్చు కదా అన్నాడు భర్త.

"ఆ చక్రాలు వంకరగా ఉంటేనే ఒక కాలు తిన్నగా నడుస్తోంది. కొన్నాళ్లు ఓర్చుకో," అంది. అయినా ఆమెకు లోలోపల భయంగానే ఉండేది. మెట్ల మీద కాలు జారితే ఆ పాపం తన బండిదే.

మూడో వారం మంగళవారం మధ్యాహ్నం దిగారు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఆమె ఒక మెట్టు కిందుగా, ఆయన వైపు తిరిగి వెనక్కి దిగుతూ వచ్చింది. కోడలు వెనక నుంచి నడుంపట్టీ పట్టుకుంది. పదకొండో మెట్టు మీద ఆయన ఆగిపోయాడు. మెట్ల కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"వెనక్కి పోదామా బాబాయి గారూ?"

"వెనక్కి పదకొండు, ముందుకి ఐదు. లెక్క నాకూ వచ్చు," అని కాలు దించాడు.

కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ రోజు ఆమె కుయ్యోమనిపిస్తూనే తొక్కుకొచ్చిన బండిని పక్కకు పడుకోబెడితే కడ్డీ చేతికందింది. ఆయన స్పానర్ అందుకున్నాడు. తిప్పడం, లేపి కొలవడం, మళ్లీ తిప్పడం. నలభై నిమిషాల్లో తేడా ఒక్క మిల్లీమీటరుకి వచ్చింది. ఆమె వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. బండి చప్పుడు లేకుండా నీళ్లలో పోయినట్టు పోయింది.

"ఇక ఆ బండరాళ్లలాంటి టైర్లు మూడెందుకు?" అన్నాడాయన. "ఏ చక్రం టైరు మార్చడం కష్టం?"

"వెనకది. గొలుసు తప్పించాలి, చక్రం ఊడదీయాలి. ముందు చక్రాలకి ఇరుసు ఒక పక్కనే ఉంటుంది. చక్రం విప్పకుండానే టైరు ఊడివస్తుంది."

"అయితే వెనక గట్టిది ఉంచు. ముందు రెండూ తేలికవి వెయ్యి. పంక్చరయితే ముందువే అవుతాయి, పది నిమిషాల్లో మార్చుకుంటావు."

ఈ మాట బావ చెవిన పడింది. ఆయన ఆ శనివారం పంపుతో, అరడజను టైర్లతో బాబాయి గారి గుమ్మం ముందు స్వయంగా దిగాడు. ఒక బండికి రెండు రకాల టైర్లా? అన్నదమ్ములు ముగ్గురుంటే ముగ్గురికీ ఒకే తాను చొక్కా కుట్టించాలి గానీ అని ఆయన వాదన.

"అన్నదమ్ముల్లో ఒకడు బరువులు మోసేవాడైతే వాడికి మందం గుడ్డ కుట్టించాలి," అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి.

మాటలతో తేలేది కాదని పరీక్ష పెట్టారు. ఆ వీధి ఒక చివర ఎత్తు, రాళ్లు పరిచిన దారి. ఎత్తునుంచి తొక్కకుండా బండి వదలాలి. ఆగినచోట సుద్దతో గీత గీయాలి. మనిషి ఒకరే, బండి ఒకటే, టైర్లే మారతాయి. మూడూ గట్టి టైర్లతో, రాయిలా గాలి కొట్టి వదిలితే బండి దర్జీ కొట్టు ముందు ఆగింది. ముందు రెండు తేలికవి మార్చి, అంతే గట్టిగా గాలి కొట్టి వదిలితే మందుల షాపు మెట్లదాకా పోయింది. దర్జీ కత్తెర పక్కన పెట్టి బయటికొచ్చాడు. మందుల షాపాయన కస్టమర్లను వదిలి సుద్ద పట్టుకున్నాడు. పెద్దాయన ఒక గీత దగ్గరనుంచి ఇంకో గీత దగ్గరికి వాకర్‌తో నడిచి, అంగుళాలతో సహా చూసుకున్నాడు. నడుస్తున్నానన్న సంగతే మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు, అడుగులు లెక్కపెడుతూనే ఉంది.

"ఇంకాస్త గాలి కొడితే నాదే గెలుస్తుంది," అన్నాడు బావ.

"గాలి గట్టిగా ఉండాలన్నది మాత్రం నిజం," అని మొదటిసారి పెద్దాయన ఆయనతో ఏకీభవించాడు.

అప్పుడే భోజన విరామానికి కోడలు కిందికి దిగింది. చేతిలో అరటిపండు.

"నాకు తెలీక అడుగుతున్నా మామయ్యా. అంత గట్టిగా కొడితే రాళ్ల మీద బంతిలా ఎగురుతోంది కదా. ఎగిరిన ఊపంతా పైకే పోదా? కాస్త గాలి తీసి చూడకూడదా?"

అనుభవజ్ఞులిద్దరూ ఒకే రకంగా నవ్వారు. క్యాప్సూలమ్మ మాత్రం బండి దిగి, మూడు వాల్వులూ నొక్కి, బొటనవేలు కొద్దిగా లోపలికి దిగేటంత గాలి తీసింది. ఈసారి బండి దర్జీ కొట్టు దాటింది, మందుల షాపు దాటింది, ఆ పక్క నాలుగో ఇంటి గేటు దగ్గర తీరిగ్గా ఆగింది. లోపల డప్పు మోత కూడా సగానికి తగ్గింది. వీధంతా కోడలి వంక చూసింది. ఆమె అరటితొక్క చెత్తబుట్టలో వేసి, "టైమైంది, ఫోన్లున్నాయి," అని మెట్లెక్కింది.

"గాలి తక్కువుంటే నున్నటి రోడ్డు మీద ఓడిపోతుంది," అన్నాడు బావ.

"ఈ ఊళ్లో నున్నటి రోడ్డు చూపించు," అన్నాడు పెద్దాయన.

గాలి మెత్తబడ్డాక గాజుపెంకులు అంత సులువుగా దిగలేదు; ఆ పైన రెండు నెలల్లో ఆమెకు ఒక్కటే పంక్చరు, అదీ ముందు చక్రానికి. ముందు టైర్ల గాడులు చెక్కుచెదరలేదు. తొమ్మిదింటికి చెబితే తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే గుమ్మంలో ఉండేది. చప్పుడు లేకపోవడంతో దొంగ రోగులు చాలామంది దొరికిపోయారు.

పెద్దాయన నాలుగో నెలలో వాకర్ వదిలి చేతికర్ర పట్టాడు. ఆరో నెలలో తనకూ అలాంటి బండి కావాలన్నాడు. క్యాప్సూల్ సీటు నేలకు మరీ దగ్గర. కొత్త తుంటితో అందులో దిగితే లేవడం కష్టమని ఆమె ససేమిరా అంది. బావే, ఎవరూ అడక్కుండా, కుర్చీ అంత ఎత్తు సీటుతో, వెనక్కి వాలి తొక్కే మూడు చక్రాల బండి ఒకటి వెతికి తెచ్చాడు. దానికి తొడుగు లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు పరీక్షించి సరేనన్నాడు.

బండి గుమ్మం ముందు నిలిపి, ఆయన్ని జాగ్రత్తగా కూర్చోబెట్టారు. అప్పుడు మొదలైంది, దీనికి ఏ టైర్లు వేయాలన్న సంగతి. ఆమె మూడూ గట్టివే అంది, పంక్చరయితే ఆయన రోడ్డు మీద వంగకూడదు. బావ తేలికవే అన్నాడు, ఆ మోకాళ్లకు బరువెందుకని. కోడలు హెడ్‌ఫోన్ మెడకు జార్చుకుని వెడల్పు టైర్లు, తక్కువ గాలి అంది, కుదుపులుండవని. దర్జీ కూడా ఒక మాట వేశాడు. ఎవరి మాట మీద వాళ్లు నిలబడి అరగంట గడిపారు.

తలతిప్పి చూసేసరికి గుమ్మం ముందు బండి లేదు. వీధి చివర ఎత్తు మీదుగా, మామూలు టైర్లతోనే, ఒక తెల్ల తల మెల్లగా మలుపు తిరుగుతోంది.

"బాబాయి గారూ, కుడికాలు మరీ చాపకండి," అని అరుస్తూ ఆమె చెప్పులు వదిలేసి పరిగెత్తింది. వెనక బావ, పంపు చేత్తోనే పట్టుకుని.